అడ్వెంచర్: పెద్ద యంత్రం నుంచి ఇంటి కంప్యూటర్లకు

అడ్వెంచర్ మాటలతోనే నడిచే కంప్యూటర్ ఆట. తెర మీద బొమ్మ ఉండదు. మీరు ఎక్కడ నిలబడ్డారో, చుట్టూ ఏముందో ఆట రెండు మూడు వాక్యాల్లో చెబుతుంది. ఏం చెయ్యాలో మీరు ఒకటి రెండు మాటల్లో టైపు చేస్తారు. జరిగినదాన్ని ఆట మళ్ళీ మాటల్లోనే చెబుతుంది. నేల కింద గుహలు, గుహల్లో నిధులు, దాడికి పొంచి ఉన్న మరుగుజ్జులు, చేతిలో కొద్ది సేపే వెలిగే దీపం: కథంతా ఇంతే. ఈ కోవకు చెందిన ఆటలన్నిటికీ ఇదే తల్లి. టెక్స్ట్ అడ్వెంచర్ అన్న పేరు కూడా దీని వల్లే వచ్చింది. 1975–77 మధ్య అమెరికాలో, ఒక గదిని నింపేసే పీడీపీ-10 అనే యంత్రం మీద ఇది తయారైంది. 1979 నుంచి ఇళ్ళలోని చిన్న కంప్యూటర్లకు చేరింది.

ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రామును మరో యంత్రం మీద నడిచేలా తిరగరాయడాన్ని పోర్టింగ్ అంటారు. అడ్వెంచర్‌ను చిన్న కంప్యూటర్లకు పోర్ట్ చేసినవాళ్ళు అందరికందరూ జాగా లేక ఇబ్బంది పడినవాళ్ళే. ఎక్కడ ఎంత ఇరుకైతే అక్కడ ఆట మాటతీరు అంతగా మారింది. ఈ చరిత్రలో నిలిచి చూడవలసింది అమ్మకాల లెక్క కాదు, ఈ మార్పే.

గుహ నుంచి ఆటకు

విల్ క్రౌథర్ మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో బోల్ట్, బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థలో ప్రోగ్రామరు. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో సందేశాలను దారి పట్టించే యంత్రాలకు ప్రోగ్రాము రాసిన బృందంలో ఆయన ఒకరు. తీరిక దొరికితే గుహల్లోకి దిగేవారు. భార్య పాట్రీషియాతో కలిసి కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల కొలతలు తీసుకుని, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి పటాలు గీసేవారు. ఫ్లింట్ రిడ్జ్ గుహలూ మామత్ గుహలూ లోలోపల కలిసే ఉన్నాయని 1972 సెప్టెంబరులో దారి కనిపెట్టిన బృందంలో పాట్రీషియా ఉన్నారు. ఇప్పుడు ఆ గుహల పొడవు 650 కిలోమీటర్ల పైమాటే. మన నంద్యాల జిల్లాలోని బెలూం గుహలను 1982–83లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం మూల మూలా కొలిచింది కదా, ఇదీ అటువంటి పనే. గుహను కొలిచినవాడికి ఏ సందు ఎక్కడ తేలుతుందో చేతివేళ్ళ మీద ఉంటుంది. క్రౌథర్ ఆటలోని దారులు అందుకే కల్పించిన దారుల్లా ఉండవు.

దంపతులు విడిపోయాక గుహల ప్రయాణాలు తగ్గాయి. తన కూతుళ్ళు వచ్చినప్పుడు ఆడుకోవడానికని 1975–76లో ఆయన ఈ ఆట రాశారు. ఫోర్ట్రాన్ భాషలో 700 వరుసల ప్రోగ్రాము, మరో 700 వరుసల సమాచారం. 66 గదుల వర్ణనలు, 193 మాటల పదకోశం. కంప్యూటర్ తెలియని పిల్లలు సైతం మామూలు మాటల్లో ఆదేశాలు ఇవ్వగలగాలన్నది ఆయన కోరిక.

1976లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్ వుడ్స్ అనే విద్యార్థి అక్కడి కంప్యూటర్‌లో ఈ ఆటను చూశారు. క్రౌథర్ ఎక్కడ ఉంటారో ఆయనకు తెలియదు. ఆర్పానెట్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ క్రౌథర్ పేరు మీద ఒక ఉత్తరం పంపారు. ఒకటి తగిలింది. అనుమతి తీసుకుని 1977లో ఆటను 3,000 వరుసల ప్రోగ్రాముకు, 1,800 వరుసల సమాచారానికి పెంచారు. 140 స్థలాలు, 293 మాటలు, 53 వస్తువులు, వాటిలో 15 నిధులు, మొత్తం 350 మార్కులు. లోకం ఎరిగిన అడ్వెంచర్ ఇదే. క్రౌథర్ తొలి ప్రతి పోయిందనే చాలా ఏళ్ళు అనుకున్నారు. వుడ్స్ విద్యార్థిగా వాడిన ఖాతా తాలూకు పాత నిల్వల్లో అది దొరికితే, డెనిస్ జెర్జ్ అనే అధ్యాపకుడు దాన్ని పట్టుకుని నిజం గుహలోకే దిగి గదికి గది పోల్చి చూసి, 2007లో ఆ పరిశోధన ప్రచురించారు.

దారుల పట్టిక

ఈ ఆట ఇన్ని యంత్రాలకు వలస వెళ్ళగలిగిందంటే కారణం దాని కట్టుబడి. కథ ఒకచోట, కథను నడిపే ప్రోగ్రాము మరోచోట ఉంటాయి. గదుల వర్ణనలు, పదకోశం, దారులు అన్నీ ఒక విడి ఫైలులో అంకెలతో వరుసలుగా పేర్చి ఉంటాయి.

దారుల పట్టిక ఎలా ఉంటుందో విస్సన్నపేట అనే ఊరితో చూద్దాం. ఊరికి 1 అని అంకె ఇద్దాం. తిరువూరుకు 2, సత్తుపల్లికి 3, నూజివీడుకు 4, మైలవరానికి 5. ఇక పట్టికలో ఇలా రాసుకుంటాం: 1 నుంచి 2కు వాయవ్యం, 1 నుంచి 3కు ఉత్తరం, 1 నుంచి 4కు దక్షిణం, 1 నుంచి 5కు నైరుతి. ఆటగాడు విస్సన్నపేట సెంటర్లో నిలబడి 'వాయవ్యం' అని కొడితే ప్రోగ్రాము 1తో మొదలయ్యే వరుసలు వెతికి, ఆ మాట ఉన్న వరుస పట్టుకుని, అతన్ని 2లో దించుతుంది. ప్రోగ్రాముకు తిరువూరు తెలియదు, వాయవ్యమూ తెలియదు. దానికి తెలిసింది అంకెలే. గమ్యం అంకె ముందు మరో అంకె తగిలిస్తే అది షరతు అవుతుంది: ఫలానా వస్తువు చేతిలో ఉంటేనే దారి వదులు, నూటికి ఇన్నిసార్లే వదులు, ఇనుప జల్లెడ తలుపు తీసి ఉంటేనే వదులు. ఇంత చిన్న ఏర్పాటుతో వందకు పైగా గదుల గుహ కదులుతుంది. కొత్త యంత్రం వచ్చినప్పుడు ప్రోగ్రాము తిరగరాసుకుంటే చాలు, పట్టిక అలాగే పనికొస్తుంది.

అలాగని పాత యంత్రం వాసన పూర్తిగా వదలలేదు. పీడీపీ-10 మెమరీలో ఒక్కో గడి 36 బిట్లు. ఒక్కో అక్షరానికి 7 బిట్ల చొప్పున గడికి ఐదు అక్షరాలు పట్టి, ఒక బిట్టు మిగులుతుంది. గడికి ఒక మాట ఉంటే పోల్చడం సులువు కాబట్టి ప్రతి మాటలోనూ మొదటి ఐదు అక్షరాలే చూశారు. దాంతో ఇంగ్లీషులో నార్త్, నార్త్‌ఈస్ట్, నార్త్‌వెస్ట్ మూడూ ఒకటే అయిపోయాయి. మూలలకు రెండక్షరాల పొట్టి రూపం వాడమని ఆటే ఆటగాడికి చెప్పుకోవలసి వచ్చింది. 36 బిట్ల గడి లేని యంత్రాలకు పోర్ట్ అయ్యాక కూడా ఈ ఐదక్షరాల కత్తిరింపు చాలా రూపాల్లో అలాగే సాగింది.

చిన్న యంత్రాల ఇరుకు

మొదటి వలస ఇళ్ళకు కాదు, వేరే రకం పెద్ద యంత్రాలకు. 1977లోనే ర్యాండ్ కార్పొరేషన్‌లో జిమ్ గిలోగ్లీ దీన్ని సీ భాషలో యూనిక్స్ కోసం తిరగరాశారు. కర్ణాటకం, హిందుస్తానీ తెలిసిన విద్వాంసుడు ఒకే రాగాన్ని రెండు బాణీల్లో పాడినంత హాయిగా సాగే పని అది. అసలు కష్టం ఇంటి కంప్యూటర్‌తో మొదలైంది. పీడీపీ-10 మీద ఈ ఆటకు సుమారు 300 కిలోబైట్ల మెమరీ కావలసి వచ్చేది. 1977లో వచ్చిన టీఆర్‌ఎస్-80లో చాలామందికి ఉన్నది 16 కిలోబైట్లు. తెర మీద 64 అక్షరాల వరుసలు 16, అవీ ఇంగ్లీషు పెద్దక్షరాలే.

ఆ పదహారులో పట్టేలా గుహను తెచ్చే ప్రయత్నం స్కాట్ ఆడమ్స్ అనే ప్రోగ్రామరు చెయ్యలేదు. పెద్ద యంత్రం మీద అడ్వెంచర్ ఆడిన ఆయన, 1978లో అడ్వెంచర్‌ల్యాండ్ అనే వేరే చిన్న ఆట రాశారు. మాటకు మూడక్షరాలే చూసేవారు. వర్ణనలు తంతి భాషలో ఉండేవి: అడవిలో ఉన్నాను, కనిపించేవి చెట్లు, అంతే. ఇది పోర్టింగ్ కాదు కానీ పోర్టింగ్ చేసేవాళ్ళకు మంచి పాఠం. కథను పట్టికగా, నడిపే యంత్రాంగాన్ని విడిగా ఉంచితే ఒకే యంత్రాంగంతో డజను ఆటలు అమ్మవచ్చని ఆయన చూపించారు.

అసలు అడ్వెంచర్‌ను ఇంటికి తెచ్చినవాడు గార్డన్ లెట్విన్. 1979లో మైక్రోసాఫ్ట్ అమ్మిన ఈ రూపం టీఆర్‌ఎస్-80కి, తరవాత ఆపిల్-2కు వచ్చింది. 1981లో ఐబీఎం తన తొలి పీసీని విడుదల చేసినప్పుడు దాని కోసం సిద్ధంగా ఉన్న కొద్దిపాటి ప్రోగ్రాముల్లో ఇదొకటి. లెట్విన్ ఉపాయం ఫ్లాపీ. 32 కిలోబైట్ల మెమరీతో పాటు డిస్క్ డ్రైవు ఉంటేనే ఆట నడుస్తుంది. వర్ణనలన్నీ డిస్క్ మీద ఉండి, ఏ గది కావాలంటే ఆ గది మాటలే లోపలికి వస్తాయి. గది మారినప్పుడల్లా డ్రైవు గిరగిరా తిరిగిన చప్పుడు ఆ ఆట ఆడినవాళ్ళకు ఆటలో భాగమే.

డిస్క్ లేనివాళ్ళ మాటేమిటి? బ్రిటన్‌లో ఎక్కువ మందికి ఉన్నది టేపు రికార్డరు, క్యాసెట్టు. క్యాసెట్టును ముందుకు వెనక్కు తిప్పుతూ గదులు వెతకలేరు. మొత్తం ఆట ఒక్కసారిగా మెమరీలో దిగాల్సిందే. వుడ్స్ సమాచారం 1,800 వరుసలు. వరుసకు సగటున 30 అక్షరాలు అనుకున్నా 54 వేల అక్షరాలు. బీబీసీ మైక్రో మోడల్-బి అనే ఇంటి కంప్యూటర్ మెమరీ 32 కిలోబైట్లు, అందులోనే తెరకూ ప్రోగ్రాముకూ చోటు కావాలి. లెవెల్ 9 సంస్థ పెట్టిన ఆస్టిన్ సోదరులు దీన్ని సాధించారు. వాళ్ళ కలాసల్ అడ్వెంచర్ మొదట నాస్కామ్ అనే కిట్ కంప్యూటర్ మీద వచ్చి, బీబీసీ మైక్రోకూ 48 కిలోబైట్ల స్పెక్ట్రమ్‌కూ విస్తరించింది. చేసింది రెండు పనులు. ఒకటి, ఏ-కోడ్ అనే సొంత సంకేత భాషలో ఆటను రాసి, ప్రతి యంత్రానికీ ఆ సంకేతాలను చదివే చిన్న ప్రోగ్రాము ఒకటి రాసుకోవడం. రెండు, వాక్యాల్లో మాటిమాటికీ వచ్చే అక్షరాల గుంపులను ఏరి, ఒక్కో గుంపుకు ఒక్కో బైటు కేటాయించడం. మిగిలిన జాగాలో ఆట చివర 70 కొత్త గదులు చేర్చారు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంతకు మించిన పనితనం లేదు. గుహను కుదించడం కాదు, ఇరుకింట్లో దాన్ని పెంచారు.

అదే దారిలో అమెరికాలో ఇన్ఫోకామ్ అనే సంస్థ నడిచింది. పీడీపీ-10 మీద పుట్టిన జోర్క్ ఆటను ఇళ్ళకు తేవడానికి జోయెల్ బెరెజ్, మార్క్ బ్లాంక్ 1979లో జెడ్-మెషీన్ అనే కాగితం మీది కంప్యూటర్‌ను ఊహించారు. ఆట ఆ ఊహాయంత్రం కోసం రాస్తారు. టీఆర్‌ఎస్-80, ఆపిల్, కమొడోర్ వంటి నిజం యంత్రాలు ఆ ఊహాయంత్రాన్ని అభినయిస్తాయి. అక్షరానికి 8 బిట్లకు బదులు 5 బిట్లే వాడి, రెండు బైట్లలో మూడక్షరాలు కుక్కుతారు. తరచు వచ్చే మాటలకు 96 పొట్టి గుర్తులు పెట్టుకుంటారు. కొత్త కంప్యూటర్ మార్కెట్లోకి వస్తే ఒక్క ప్రోగ్రాము రాస్తే చాలు, ఆటలన్నీ దాని మీద నడిచేవి.

మన దగ్గర

హైదరాబాదులో 1967లో స్థాపించిన ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్‌ను తయారుచేసింది. తరవాత టీడీసీ-316 వంటి 16 బిట్ల యంత్రాలూ వచ్చాయి. అవి పరిశోధనశాలలకూ కర్మాగారాలకూ వెళ్ళిన యంత్రాలు. పిల్లల చేతికి కంప్యూటర్ వచ్చింది 1984లో మొదలైన క్లాస్ పథకంతో. కేంద్ర విద్యాశాఖ, ఎలక్ట్రానిక్స్ శాఖ కలిసి సుమారు 250 బడులకు మొదటి విడతలో బీబీసీ మైక్రోలు ఇచ్చాయి. ఆ దశాబ్దంలోనే పుణెకు చెందిన డెసిబెల్స్ సంస్థ లైసెన్సుతో స్పెక్ట్రమ్ ప్లస్ తయారుచేసి అమ్మింది. అంటే ఆస్టిన్ సోదరులు గుహను ఇరికించిన ఆ రెండు యంత్రాలే మన దేశంలోనూ దొరికాయి. వాటిలో దొరకనిది తెలుగు అక్షరం.

తెలుగులోకి తేవాలంటే

ఇక్కడ పోర్టింగ్‌కు రెండు అంచులు. యంత్రం మారాలి, భాషా మారాలి.

భాష కొన్ని చోట్ల మేలు చేస్తుంది. ఇంగ్లీషును వేధించిన మూలల గొడవ తెలుగులో లేదు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం వేటికవే పేర్లు. ఎనిమిది దిక్కులూ ఎనిమిది వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి: ఉ, ద, త, ప, ఈ, ఆ, న, వ. ఒక్క మీట నొక్కితే చాలు. వాస్తు పుణ్యమా అని ఈశాన్యం ఎటో, నైరుతి ఎటో విస్సన్నపేటలో ఇల్లు కట్టుకునే ఎవరినడిగినా చెబుతారు, ఆటగాడికి నేర్పనక్కర్లేదు. పైకి, పడమర ఒకే అక్షరం కావడం, 'ఆ దీపం', 'ఈ దీపం' అన్నప్పుడు ఆగ్నేయ ఈశాన్యాలతో గందరగోళం కావడం వంటివి చిన్న చిక్కులు.

పెద్ద చిక్కు విభక్తి. ఇంగ్లీషులో దీపానికి ఒకటే రూపం. తెలుగులో దీపం, దీపాన్ని, దీపంతో, దీపంలో. క్రియ ముందు కాదు, చివర వస్తుంది. 'రాయితో కొట్టు' అన్నా 'రాతితో కొట్టు' అన్నా ఒకటే కావాలి. నుయ్యి కాస్తా నూతిలో అవుతుంది, ఇల్లు ఇంట్లో అవుతుంది. హల్లు, గుణింతం, పొల్లు వేటికవే ఒక్కో సంకేతం అనుకుంటే, మొదటి ఐదు సంకేతాలు చూసి వదిలేసే పద్ధతి దీపం దగ్గరే తడబడి, నూతి దగ్గర బోల్తా పడుతుంది. ఊళ్ళ పేర్ల దగ్గరా అంతే: విస్సన్నపేటను ఐదు సంకేతాలకు కోస్తే మిగిలేది 'విస్స', భీమవరం దగ్గరి విస్సాకోడేరును కోసినా అదే మిగులుతుంది. కాబట్టి ఆదేశాలను విడదీసి అర్థం చేసుకునే భాగం, అంటే తెలుగు పార్సర్, మాటను ముందు నుంచి కాక వెనక నుంచి విప్పాలి. ముందు ప్రత్యయం ఊడదీసి, మిగిలిన అంగాన్ని పదకోశంలో చూడాలి. రూపం మారే మాటలకు రెండో అంగం కూడా పదకోశంలో చేర్చాలి. పాత యంత్రాలకు ఇది మరీ భారం కాదు. ఆటకు కావలసిన ప్రత్యయాలు కొన్నే.

ఆట ఆటగాడిని ఏమని పిలవాలి? ఇంగ్లీషులో ఈ ప్రశ్నే లేదు. పిల్లల కోసం పుట్టిన ఆట కాబట్టి నువ్వు అనడమే సరి అని నా అభిప్రాయం. పైగా తెలుగులో సర్వనామం లేకుండానే 'చీకట్లో ఉన్నావు' అంటే పూర్తి వాక్యం, జాగా కూడా కలిసొస్తుంది. క్రౌథర్ పెట్టిన ఎక్స్‌వైజెడ్‌జెడ్‌వై అనే మంత్రానికి అర్థం లేదు. దాని చోట హాం ఫట్ పెడితే మాంత్రికుడి కథ వినిపిస్తుంది తప్ప, గుహ గోడ మీద ఎవరో గీకిపోయిన వింత అక్షరాలు చూసిన అబ్బురం రాదు. అర్థం లేనిదాన్ని అర్థం లేకుండానే ఉంచాలి.

గదులకు పేర్లు వెతుక్కోనక్కర్లేదు. బెలూం గుహల్లో సింహద్వారం, కోటిలింగాలు, వేయి పడగలు, సప్తస్వరాల గుహ, ఊడల మర్రి, మాయామందిరం ఉన్నాయి. 46 మీటర్ల లోతున పాతాళగంగ ఉంది. 3,229 మీటర్ల నిజం గుహ.

ఇక అక్షరం. బీబీసీ మైక్రోలో మాటల ఆటలకు కలిసొచ్చిన తెర ఏడో మోడ్. 40 అక్షరాల వరుసలు 25, కిలోబైటు మెమరీతో సరి. కానీ అందులో కొత్త అక్షరం చెక్కలేం. తెలుగు కావాలంటే చుక్కల తెరకు వెళ్ళాలి. నాలుగో మోడ్ ఒక్కటే 10 కిలోబైట్లు మింగుతుంది. స్పెక్ట్రమ్ నయం. దాని తెర ఎప్పుడూ చుక్కలదే, 6,912 బైట్లు ఎలాగూ పోతాయి. 8 చుక్కల ఎత్తు గడిలో కింద వత్తుకు చోటుండదు కాబట్టి 16 చుక్కలు కావాలి. 24 వరుసల తెర 12 వరుసలవుతుంది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి పుణెలోని సీ-డాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు ఇదే చిక్కును పీసీలో విడి చిప్పులతో విప్పింది. దానితో పాటు పెరిగిన ఇస్కీ సంకేతాలు 1991లో జాతీయ ప్రమాణమయ్యాయి. ఇస్కీలో విస్సన్నపేటకు 11 బైట్లు. ఇప్పటి ఫోన్లలో వాడే యూటీఎఫ్-8లో అదే పేరుకు 33. జెడ్-మెషీన్‌లా 5 బిట్లు తెలుగుకు చాలవు, 32 గుర్తులే వస్తాయి. అరుదైన ౠ, ఌ వంటివి వదులుకుంటే 6 బిట్ల 64 గుర్తుల్లో తెలుగు కష్టంగా ఇముడుతుంది. అప్పుడు విస్సన్నపేటకు 9 బైట్లు చాలు.

పనిముట్లకు ఇప్పుడు కొదవ లేదు. వుడ్స్ తరవాత పెంచిన 430 మార్కుల రూపాన్ని ఎరిక్ రేమండ్ 2017లో క్రౌథర్, వుడ్స్‌ల అనుమతితో ఓపెన్ అడ్వెంచర్‌గా విడుదల చేశారు. దాని సమాచారం మామూలు ఎడిటర్‌లో తెరిచి మార్చుకోవచ్చు. గ్రాహం నెల్సన్ 1993లో ఇన్ఫార్మ్ అనే భాష తయారుచేసి జెడ్-మెషీన్‌కు మళ్ళీ ప్రాణం పోశారు. యోహాన్ బెర్న్ట్‌సన్, ఫ్రెడ్రిక్ రామ్స్‌బెరీ తయారుచేసిన ఓజ్‌మూ కమొడోర్-64 మీద ఆ ఆటలను నడుపుతుంది. వాళ్ళదే ప్యూనీఇన్ఫార్మ్, చిన్న యంత్రాల కోసమే కుదించిన సామగ్రి. పీడీపీ-10 కావాలంటే బాబ్ సప్నిక్ మొదలుపెట్టిన సిమ్‌హెచ్ దాన్ని మామూలు ల్యాప్‌టాప్‌లో లేపి కూర్చోబెడుతుంది. 1978లో జోర్క్‌ను ఫోర్ట్రాన్‌లోకి తెచ్చినదీ ఆయనే. నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే విస్సన్నపేట పిల్లవాడికి ఇవన్నీ హాస్టల్ గదిలోనే అందుతాయి.

లెక్క వేసి చూద్దాం. 48 కిలోబైట్ల స్పెక్ట్రమ్‌లో తెర పోగా 41 దాకా మిగులుతుంది. ఆట నడిపే ప్రోగ్రాముకు 10, అక్షరాల బొమ్మలకు 5, అటూ ఇటూగా ఒకటి తీసేస్తే 25 కిలోబైట్లు. 6 బిట్ల చొప్పున అందులో 34 వేల సంకేతాలు పడతాయి. సగం పదకోశానికీ సందేశాలకూ పట్టికలకూ వదిలి, మిగతా సగంలో గదికి 250 సంకేతాల చొప్పున వర్ణన రాస్తే 68 గదులు వస్తాయి. క్రౌథర్ మొదట రాసినవి 66.